మళ్ళీ గీయకుండా ఉండడం ఎలా? - థియేటర్ కార్టూన్ల సాంకేతిక చరిత్ర

(ఒక ఫిల్మ్ సొసైటీ సమావేశంలో చేసిన ప్రసంగానికి పాఠం)

అధ్యక్షులకు, సభకు విచ్చేసిన పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

సినిమా హాళ్ళలో అసలు సినిమాకు ముందు వేసిన ఆరేడు నిమిషాల కార్టూన్ల గురించి, ఆ పనితనంలోంచే ఎదిగిన పూర్తి నిడివి బొమ్మల సినిమాల గురించి ఈ సాయంత్రం మాట్లాడతాను. ఈ చరిత్రను సాధారణంగా పాత్రల చరిత్రగా చెబుతారు: ముందు పిల్లి వచ్చింది, తరవాత ఎలుక వచ్చింది, ఆ తరవాత కుందేలు వచ్చింది అని. అలా చెప్పడంలో తప్పేమీ లేదు గాని, 1940లో అంత నిండుగా కదిలిన బొమ్మలు ఇరవై ఏళ్ళు తిరిగేసరికి ఎందుకు బిగుసుకుపోయాయో ఆ కథనం చెప్పదు. నా మటుకు నాకు ఈ పరిశ్రమను మొదటి నుంచి నడిపించింది ఒకే ప్రశ్న అనిపిస్తుంది. ఒకసారి గీసినదాన్ని మళ్ళీ గీయకుండా ఉండడం ఎలా?

ఈ ప్రశ్న ఎంత బరువైనదో చిన్న లెక్క చూస్తే తెలుస్తుంది. శబ్దచిత్రంలో సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. ఏడు నిమిషాల కార్టూనుకు 10,080 ఫ్రేములు కావాలి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా, తెరమీద ఒక్క పాత్రే ఎడతెగకుండా కదిలితే 5,040 బొమ్మలు పడతాయి. రెండు పాత్రలుంటే అంతకు రెట్టింపు. వెనక ఇల్లు, చెట్టు, కంచె కూడా ప్రతి కాగితంమీదా గీయవలసి వస్తే ఆ పని ఏ లెక్కకూ అందదు. ఇంత చేసినా హాలు యజమాని దానికిచ్చే అద్దె స్వల్పం, ఎందుకంటే ప్రేక్షకుడు టికెట్టు కొన్నది ఆ తరవాత వచ్చే సినిమా కోసం.

ఈ ప్రశ్నకు తొలి జవాబు సినిమా పుట్టకముందే దొరికింది. ల్యూమియర్ సోదరులు పారిస్‌లో టికెట్టు పెట్టి కదిలే బొమ్మలు చూపించినది 1895 డిసెంబరు 28న అయితే, అదే నగరంలో గ్రేవాఁ మ్యూజియంలో ఎమీల్ రేనో తన 'ఆప్టికల్ థియేటర్' ప్రదర్శనలు మొదలుపెట్టినది 1892 అక్టోబరు 28న, అంటే మూడేళ్ళు ముందు. పారదర్శకమైన జెలటిన్ పలకలమీద చేత్తో రంగులు వేసి, వాటిని పొడవాటి పట్టీగా కూర్చి, రీళ్ళను చేత్తో తిప్పుతూ ఆయన కథ నడిపేవాడు. ఆ తొలి కథల్లో ఒకదానికి సుమారు 500 బొమ్మలున్నాయి. మూకీ సినిమా వేగంతో తిప్పితే అవి అర నిమిషంలో అయిపోతాయి. రేనో వాటిని ముందుకూ వెనక్కూ తిప్పుతూ, కావలసినచోట ఆపుతూ, పావుగంట దాకా సాగదీశాడు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆ పలకలమీద పాత్రలు మాత్రమే ఉండేవి. తోట, గోడ, ఇల్లు వగైరా మరో దీపయంత్రం నుంచి తెరమీద విడిగా పడేవి. కదిలేదాన్ని కదలనిదాన్నుంచి వేరు చేయాలన్న ఆలోచనకు అమెరికాలో ఇరవై రెండేళ్ళ తరవాత పేటెంటు దరఖాస్తులు పడ్డాయి. రేనో మాత్రం సినిమా పోటీకి తట్టుకోలేక, చివరి రోజుల్లో తన పట్టీలలో చాలావాటిని సేన్ నదిలో పారేశాడు.

1908లో ఎమీల్ కోల్ అనే మరో ఫ్రెంచివాడు ఈ చిక్కును ఇంకా తేలికగా తప్పించుకున్నాడు. సుమారు 700 బొమ్మలు గీసి, ఒక్కోదాన్ని రెండేసిసార్లు ఫోటో తీసి, నెగటివునే నేరుగా చూపించాడు కాబట్టి తెల్లకాగితంమీది నల్లగీత నల్లబల్లమీది సుద్దగీతలా కనిపించింది. నేపథ్యమంటూ ఏమీ లేదు గనక మళ్ళీ గీయవలసిన అగత్యమూ లేదు.

ఆ సుఖాన్ని వద్దనుకున్న మనిషి విన్సర్ మెకే. న్యూయార్క్ పత్రికల్లో బొమ్మకథలు గీసి పేరు తెచ్చుకున్న ఈయన 1914లో గర్టీ అనే డైనోసారును తీసుకుని చికాగోలో రంగస్థలం ఎక్కాడు. చేతిలో కొరడా పట్టుకుని తెర పక్కన నిలబడి ఆజ్ఞలిస్తుంటే తెరమీది జంతువు తలవంచేది, కాలెత్తేది, కోప్పడితే కన్నీళ్ళు పెట్టుకునేది. ఆ ప్రదర్శన కోసం వేల సంఖ్యలో బొమ్మలు గీశారు. ప్రతి కాగితంమీదా జంతువుతోపాటు వెనకున్న కొండలు, రాళ్ళు, సరస్సు కూడా మళ్ళీ గీశారు. ఆ నేపథ్యాన్ని పలచటి రైస్ పేపరుమీద మొదటి నుంచి చివరిదాకా ఎత్తి రాసినది జాన్ ఫిట్జ్‌సిమన్స్ అనే కుర్రవాడు. కాగితాలు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోవడానికి మూలల్లో గుర్తులు పెట్టుకున్నా, చేతిరాతలో వెంట్రుకవాసి తేడా రాకుండా ఉండదు. అందుకే ఆ సినిమాలో కదలకూడని రాళ్ళు సన్నగా వణుకుతుంటాయి. కథానాయిక ఊపిరి తీయడం చూసి జనం ముచ్చటపడ్డారు గాని, నాకు మాత్రం ఆ రాళ్ళ వణుకే ఆ తరం వారి కష్టానికి సాక్ష్యంగా కనిపిస్తుంది.

అదే సంవత్సరం న్యూయార్క్‌లో ముగ్గురు మనుషులు మూడు దారుల్లో ఈ కష్టానికి విరుగుడు కనిపెట్టారు. జాన్ బ్రే నేపథ్యాన్ని ఒకసారి గీసి, అచ్చువేయించి, ఆ అచ్చు కాగితాలమీద పాత్రలు గీయించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మాంట్రియల్ నుంచి వచ్చిన రౌల్ బారే నేపథ్యం కాగితంలో పాత్ర కదిలే మేరకు కోసేసి, ఆ ఖాళీలో కింది కాగితంమీది బొమ్మ కనిపించేలా చేశాడు. ఎర్ల్ హర్డ్ పాత్రనే పారదర్శకమైన సెల్యులాయిడ్ షీటుమీదికి ఎత్తి, దాన్ని ఒకే ఒక్క నేపథ్య చిత్రంమీద పరిచాడు. నిలిచినది హర్డ్ పద్ధతి. ఆ షీటునే సెల్ అన్నారు. బ్రే, హర్డ్ కలిసి పెట్టిన కంపెనీ 1930ల తొలి ఏళ్ళలో పేటెంట్లు ముగిసేదాకా ఈ పద్ధతి వాడుకున్న స్టూడియోల నుంచి లైసెన్సు రుసుము వసూలు చేసింది. బారే ప్రవేశపెట్టిన మరో వస్తువు పేటెంటు గొడవలేమీ లేకుండానే ప్రపంచమంతా పాకింది. కాగితం అంచున రంధ్రాలు పొడిచి, బల్లకున్న పెగ్గులకు తగిలించడమే ఆ ఏర్పాటు. ఎవరు గీసినా, ఏ బల్లమీద గీసినా, కెమెరా కిందికి వచ్చేసరికి బొమ్మ అదే చోట కూర్చుంటుంది. ఇన్ని యంత్రాల గురించి చెప్పబోతున్నాను గాని, బొమ్మల పరిశ్రమను పరిశ్రమగా నిలబెట్టింది ఆ రెండు మూడు ఇనుప మేకులే అంటే అతిశయోక్తి కాదు. ఒకరు ముఖ్యమైన భంగిమలు గీసి, మధ్యలోవి మరొకరికి అప్పగించడం, ఇంకొకరు సిరా దిద్దడం, వేరొకరు రంగు నింపడం, ఈ పని విభజన అంతా వాటివల్లే సాధ్యపడింది.

సెల్ తయారయ్యే తీరును కొంచెం దగ్గరగా చూద్దాం. పెన్సిలు బొమ్మమీద సెల్ పరిచి, ముందువైపు సన్నని పాళీతో సిరాగీత దిద్దుతారు. అది ఆరాక సెల్‌ను తిరగేసి, వెనకవైపు నుంచి రంగు నింపుతారు. కుంచె గీత దాటినా ముందు నుంచి కనిపించదు, ఎందుకంటే గీత పైన ఉంటుంది, రంగు దాని వెనక ఉంటుంది. చేతి చెమట అంటకుండా పల్చటి తొడుగులు వేసుకునేవారు. మనిషి నిలబడి మాట్లాడుతుంటే శరీరం ఒక సెల్‌మీద అలాగే ఉంచి, నోరు, చేయి మరో సెల్‌మీద మారుస్తారు. అయితే సెల్ పూర్తిగా పారదర్శకం కాదు. ఒక్కో పొర కింద పడ్డ రంగు ఒక్కింత మసకబారుతుంది. ఒక పాత్ర మొదటి పొరలోంచి మూడో పొరలోకి మారితే చొక్కా రంగు మారినట్టు కనిపిస్తుంది. అందుకని ఏ పొరకు ఆ పొర రంగు విడిగా కలిపేవారు. పొరలు తగ్గిన షాట్లలో ఖాళీ సెల్‌లు వేసి సంఖ్య సమం చేసేవారు. నాలుగైదు పొరలకు మించి పోవడం కష్టం. డిస్నీ స్టూడియోలో ఈ సిరా, రంగు విభాగం దాదాపు పూర్తిగా ఆడవాళ్ళది. బొమ్మల కదలిక గీసే బల్లల దగ్గర దాదాపు అందరూ మగవాళ్ళు. తెరమీద ప్రేక్షకుడు చూసిన ప్రతి గీతా ఆ ఆడవాళ్ళ చేతిదే అయినా, తెరమీద వారి పేర్లు వేయడం అరుదు.

సెల్ ఉన్నంత మాత్రాన ఆదా అక్కడితో ఆగలేదు. 1919లో తెరకెక్కిన ఫెలిక్స్ పిల్లి నిలువెల్లా నల్లగా ఉండడం అందం కోసం కాదు. ఒంట్లో లోపలి గీతలు గీయనక్కర లేకుండా నలుపు పూసేస్తే పని తొందరగా తెములుతుంది, ఆపైన నల్లని ముద్ద తెరమీద బాగా కదులుతుంది. ఆ తరం పాత్రల తలలు, పొట్టలు గుండ్రంగా ఉండడానికీ, కాళ్ళూ చేతులూ గొట్టాల్లా ఉండడానికీ కారణం అదే. మాక్స్ ఫ్లైషర్ మరో దారి తొక్కి, నటుణ్ణి సినిమా తీసి ఆ ఫ్రేములమీద బొమ్మ ఎత్తి రాసుకునే రోటోస్కోప్ యంత్రానికి 1917లో పేటెంటు పొందాడు. ఆయన తమ్ముడు డేవ్ విదూషకుడి వేషం కట్టుకుని కెమెరా ముందు గంతులేస్తే అది తెరమీద కోకో అనే పాత్ర అయింది. ఇది గీతల సంఖ్య తగ్గించలేదు, ఆలోచన తగ్గించింది. ఎత్తిరాతలో బరువు తేలిపోతుందని నా అభిప్రాయం; ఫ్లైషర్ సోదరులే 1939లో తీసిన గలివర్ కథలో ఎత్తిరాసిన గలివర్ ఒక సినిమాలోనూ, చేతితో గీసిన లిల్లీపుట్టులు మరో సినిమాలోనూ ఉన్నట్టుంటారు.

అసలు గీయడమే మానేసినవారూ ఉన్నారు. అర్జెంటీనాలో క్విరీనో క్రిస్టియానీ అట్టముక్కల బొమ్మలతో 1917లోనే పూర్తి నిడివి చిత్రం తీశాడు. దాని ప్రింటు ఏదీ మిగలలేదు. జర్మనీలో లోట్టె రైనిగర్ నల్లటి అట్టను కత్తిరించి, కీళ్ళకు తీగె కట్టి, గాజుపలకమీద వేలితో జరుపుతూ మూడేళ్ళు శ్రమించి 1926లో ఒక అరేబియన్ కథను తెరకెక్కించింది. మన తోలుబొమ్మలాటలో చేతికి, మోచేతికి, మెడకు కీలు పెట్టి ఒకే బొమ్మను రాత్రంతా ఆడించినట్టు, ఆవిడ కూడా ఒక్కసారి కత్తిరించిన బొమ్మనే మళ్ళీ మళ్ళీ నడిపింది. నా ప్రశ్నకు ఇంతకంటే చౌకైన జవాబు లేదు. హాళ్ళకు వారం వారం సరుకు అందించవలసిన అమెరికన్ స్టూడియోలు దీన్ని ఎందుకు పట్టుకోలేదంటే, అట్టబొమ్మ మొహం తిప్పలేదు, ఒళ్ళు సాగలేదు, అణగలేదు. గీసిన బొమ్మ ఇవన్నీ చేస్తుంది. నవ్వు పుట్టించేది ఆ సాగడమే.

శబ్దం రాకతో ప్రశ్న కాస్త మారింది. కార్టూన్లకు శబ్దం జతచేసే ప్రయత్నాలు అంతకుముందే కొన్ని జరిగినా, 1928 నవంబరు 18న న్యూయార్క్ కాలనీ థియేటరులో వేసిన మికీ మౌస్ స్టీమర్ కార్టూను వాటన్నిటినీ మరిపించింది. దాని వెనకున్న ఏర్పాటు చాలా సులువైనది. సెకనుకు 24 ఫ్రేములు ఖాయమైపోయాయి గనక, సెకనుకు రెండు తాళాల పాట అయితే ప్రతి 12 ఫ్రేములకు ఒక దెబ్బ పడుతుంది. విల్‌ఫ్రెడ్ జాక్సన్ అనే యువకుడు తాళం తప్పకుండా టిక్కుటిక్కుమని కొట్టే మెట్రోనోమ్ తెచ్చి ఈ లెక్క కట్టాడు. బొమ్మ గీయకముందే ఏ ఫ్రేములో అడుగు పడాలో, ఏ ఫ్రేములో గిన్నె మోగాలో సంగీతపు గీతలున్న కాగితంమీద రాసిపెట్టుకున్నారు. బొమ్మలు చాలామటుకు డిస్నీ తొలి సహచరుడు అబ్ ఐవర్క్స్ గీశాడు. అయినా న్యూయార్క్‌లో మొదటిసారి వాద్యబృందంతో రికార్డింగ్ పెట్టినప్పుడు సంగీతం బొమ్మతో కలవలేదు. డబ్బంతా వృథా అయి వాల్ట్ డిస్నీ తన కారు అమ్ముకున్నాడు. రెండోసారి ఫిల్ముమీదే పైకీ కిందికీ ఎగిరే బంతిని అచ్చువేసి, దాన్ని చూస్తూ సంగీత దర్శకుడు తాళం వేసేలా చేశారు, అప్పుడు కుదిరింది. నాట్యానికి తాళం ఎంతో కార్టూనుకు అంత అయింది. ఇక్కడ కూడా ఆదా ఉందని గమనించండి: ఎనిమిది బొమ్మల అడుగుల వరసను తాళానికి కట్టి ఎన్నిసార్లయినా తిప్పవచ్చు, పాట నడుస్తున్నంతసేపూ ప్రేక్షకుడికి అది పునరుక్తి అనిపించదు.

రంగు విషయంలో కార్టూన్లకు ఒక అదృష్టం కలిసివచ్చింది. మూడు రంగుల టెక్నికలర్‌లో మామూలు సినిమా తీయాలంటే ఒకేసారి మూడు నెగటివులు నడిపే భారీ కెమెరా కావాలి, మనిషి నిలబడడు గనక. గీసిన బొమ్మ నిలబడుతుంది. ఒకే నలుపు-తెలుపు ఫిల్ముమీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లతో వరసగా మూడుసార్లు ఫోటో తీస్తే చాలునన్న పద్ధతి కార్టూన్లకు త్వరలోనే స్థిరపడింది. చెట్లూ పువ్వుల కథతో 1932లో డిస్నీ తీసిన లఘుచిత్రం సగం దాకా నలుపు-తెలుపులో తయారయ్యాక దాన్ని పక్కన పెట్టి రంగుల్లో మళ్ళీ చేశారు. కార్టూన్లకు ఇచ్చిన మొట్టమొదటి ఆస్కార్ దానికే దక్కింది. 1935 చివరిదాకా కార్టూన్లలో ఆ పద్ధతిని వాడే హక్కు డిస్నీ ఒక్కడిదే కావడంతో తక్కినవారు రెండు రంగులతో సర్దుకున్నారు.

ఇక మల్టీప్లేన్ కెమెరా. చదునుగా గీసిన వెన్నెల రాత్రిమీదికి కెమెరాను దగ్గరగా తెస్తే ఇల్లు పెరుగుతుంది, కంచె పెరుగుతుంది, వాటితో సమానంగా చందమామ కూడా పెరుగుతాడు. నడిచి వెళ్ళే మనిషికి చంద్రుడు ఎప్పుడూ పెరగడు. డిస్నీ సాంకేతిక బృందం ఆ చిత్రాన్ని నాలుగైదు గాజుపలకల మీదికి విడదీసి, వాటిని ఒకదాని కింద ఒకటి ఎడంగా పేర్చి, పైనుంచి కిందికి చూసే కెమెరా పెట్టింది. ఏ పలకను ఎంత జరపాలో విడివిడిగా లెక్కగట్టారు. చంద్రుడి పలకను కెమెరాకు ఎడంగానే ఉంచారు. మనిషికి రెండింతల ఎత్తుండే ఆ యంత్రాన్ని 1937లో పాత గాలిమర కథలో మొదట వాడారు. ఐవర్క్స్ అంతకు కొన్నేళ్ళ ముందే ఇటువంటిది సొంతంగా కట్టుకున్నాడు. ఫ్లైషర్లు చిన్న నమూనా సెట్టు నిర్మించి దాని ముందు సెల్ నిలబెట్టారు. ఆదా మాట ఇక్కడ తలకిందులైంది. ఒక్కో పలకకూ మనిషి, లైటు, కొలత కావాలి; కొన్ని సెకన్ల షాటుకు గంటలు పట్టేది. సెల్ మిగిల్చిన శ్రమనంతా డిస్నీ ఇలా నిండుదనంమీద ఖర్చుపెట్టాడు. 1937 డిసెంబరు 21న లాస్ ఏంజెలెస్‌లో విడుదలైన స్నోవైట్‌కు సుమారు 15 లక్షల డాలర్లు అయ్యాయి. అది తిరిగి వచ్చింది గాని, 1940 నాటి రెండు పెద్ద చిత్రాలకు యుద్ధంవల్ల యూరప్ మార్కెట్టు మూతపడి నష్టం వచ్చింది. 1941 మే నెలాఖరున స్టూడియోలో సమ్మె మొదలైంది.

ఆ సమ్మె కాలంలో డిస్నీని విడిచినవారిలో కొందరు పెట్టిన స్టూడియోయే యూపీఏ. ఒక భంగిమలోంచి మరో భంగిమలోకి చటుక్కున దూకడం, మధ్య బొమ్మలు తగ్గించడం, నేపథ్యానికి చదునైన రంగు పూయడం వీరి శైలి. 1950లో వీరు తీసిన, మాటలకు బదులు శబ్దాలు చేసే పిల్లవాడి కథకు ఆస్కార్ వచ్చింది. వీరికంటే ముందే వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో చక్ జోన్స్ 1942లో అలాంటి దూకుళ్ళు ప్రయత్నించాడు. అదే స్టూడియోలో టెక్స్ ఏవరీ తదితరులు డబ్బు తక్కువగా ఉన్నచోట సమయజ్ఞానంతో పని జరిపించారు. లోయలో పడబోయే తోడేలు ఒక క్షణం గాలిలో ఆగి ప్రేక్షకులవైపు చూస్తే ఆ ఆగిన బొమ్మకు ఖర్చు ఏమీ లేదు, హాలులో పెద్ద నవ్వు మాత్రం అదే తెస్తుంది. నేను డిస్నీ నిండుదనాన్ని గౌరవిస్తాను, మళ్ళీ మళ్ళీ చూసేది మాత్రం వీటినే.

అయితే ఈ ఆటంతా ఒక వ్యాపార ఒప్పందంమీద నిలబడింది. పెద్ద స్టూడియోలు తమ సినిమాలతోపాటు లఘుచిత్రాలను కూడా కట్టగా హాళ్ళకు అంటగట్టేవి. 1948లో అమెరికా సుప్రీంకోర్టు పారమౌంట్ కేసులో ఆ పద్ధతిని చట్టవిరుద్ధమని తేల్చింది. స్టూడియోలు థియేటర్లను వదులుకోవలసి వచ్చింది. కార్టూనుకు అద్దె పెరగలేదు, జీతాలు పెరిగాయి. టామ్ అండ్ జెర్రీకి ఏడు ఆస్కార్లు తెచ్చిన ఎంజీఎం స్టూడియో కార్టూన్ విభాగం 1957లో మూతపడింది. పాత కార్టూన్లను మళ్ళీ విడుదల చేసినా కొత్తవాటితో దాదాపు సమానంగానే డబ్బు వస్తోందని లెక్కల గుమాస్తాలు గ్రహించారు. నలభై ఏళ్ళుగా స్టూడియోలు వెతుకుతున్న జవాబు చివరికి కంపెనీ ఖాతా పుస్తకంలో దొరికింది: అసలు ఏదీ కొత్తగా గీయనక్కర లేదు. టామ్ అండ్ జెర్రీని సృష్టించిన హన్నా, బార్బెరా టెలివిజన్‌కు వెళ్ళిపోయి, కదలికను ఇంకా కుదించి బతికారు.

మన దేశంలో హాళ్ళలో కార్టూను మరో విధంగా నిలబడింది. ప్రభుత్వ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ తీసిన చిత్రాలను ప్రతి ఆటకు ముందు వేయాలన్న నిబంధన ఉండేది. తెలుగుతోసహా పలు భాషల్లో అవి వచ్చేవి. 1956లో బొంబాయిలో ఆ సంస్థ కార్టూన్ విభాగం ఏర్పడినప్పుడు శిక్షణ ఇచ్చినది డిస్నీలో పనిచేసిన క్లెయిర్ వీక్స్. 1957 నాటి జాతక కథా చిత్రంలో ఆ శిక్షణ కనిపిస్తుంది. మన దేశపు యానిమేషన్‌లో పెద్ద పేరైన రామ్ మోహన్ ఆ విభాగంలోంచే వచ్చాడు.

డిస్నీ దగ్గరికి తిరిగి వస్తే, 1959 నాటి నిద్రాసుందరి కథకు సుమారు 60 లక్షల డాలర్లు ఖర్చయి, మొదటి విడుదలలో నష్టం మిగిల్చింది. సిరాగీతను చేత్తో దిద్దిన వారి చివరి పూర్తి నిడివి చిత్రం అదే. ఐవర్క్స్ జిరాక్స్ యంత్రాన్ని మార్చి, పెన్సిలు గీతను నేరుగా సెల్‌మీదికి అచ్చయ్యేలా చేశాడు. 1961లో వచ్చిన మచ్చల కుక్కపిల్లల సినిమాకు అది ప్రాణం పోసింది, అన్ని మచ్చలను ఎవరు దిద్దగలరు? సిరా బల్లల దగ్గరి ఆడవాళ్ళలో చాలామందికి పని పోయింది. గీత గరుకుగా, నల్లగా మిగిలింది; వాల్ట్‌కు ఆ రూపం నచ్చలేదు. పెన్సిలు జీవం ఉన్న ఆ గరుకుదనమే నాకు నునుపైన సిరాకన్నా ఇష్టం.

1990లో డిస్నీలో సెల్ కూడా పోయింది. పిక్సార్‌తో కలిసి డిస్నీ తయారుచేసుకున్న క్యాప్స్ వ్యవస్థలో పెన్సిలు బొమ్మను స్కాన్ చేసి కంప్యూటరులోనే రంగు నింపారు. పొరలు ఎన్నయినా పేర్చవచ్చు, కింది రంగు మసకబారదు, దుమ్ము పడదు. మల్టీప్లేన్ చేసిన పని కూడా అందులోనే కలిసిపోయింది. ఆ పాత యంత్రం ముందుకు వెళ్ళగలిగేది గాని పాత్రల చుట్టూ తిరగలేకపోయేది. 1991లో బ్యూటీ అండ్ ది బీస్ట్ నాట్యశాల ఘట్టంలో హాలును కంప్యూటరులో కట్టి, చేత్తో గీసిన జంటను అందులో నిలిపి, కెమెరాను వారి చుట్టూ తిప్పారు. ఆ షాటులో ఆ ఇద్దరిని మాత్రం యానిమేటర్లు ప్రతి కోణం నుంచీ మళ్ళీ మళ్ళీ గీయవలసి వచ్చింది. నాలుగేళ్ళకు టాయ్ స్టోరీలో ఆ పని కూడా తప్పింది: బొమ్మను ఒకసారి కంప్యూటరులో నిర్మించాక ఏ కోణం నుంచైనా యంత్రమే చూపిస్తుంది.